కుక్క తన పాదములను, పడకను అదేపనిగా నాకుట యెందులకు?

వర్షాకాలమున ఏ గ్రామ పంచాయతీ కార్యాలయపు వసారాను చూచినను ఒకటి రెండు కుక్కలు పాత గోనెసంచిపై ముడుచుకొని పరుండి యుండును. వానిలో ఒకటి ముందరి కాలు చాచి వ్రేళ్ళ సందులను నాలుకతో అదేపనిగా నాకుచుండును. కొంతసేపటికి పాదమును విడిచి తాను పరుండిన గోనెనే నాక నారంభించును. విశాఖపట్టణము చుట్టుప్రక్కల నున్న ఆనందపురము, పద్మనాభము మండలములలోను, 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాకు చెందిన పరవాడ, అచ్యుతాపురము మండలములలోను ఇది నిత్యము కనబడు దృశ్యమే. నిత్యము కనబడునది గనుకనే ఎవరును పట్టించుకొనరు. పట్టించుకొనిన నాడు మాత్రము ఎవరో ఒకరు ప్రెసిడెంటు గారి వద్దకు వచ్చి, "బాబూ, ఆ కుక్కకు పిచ్చెక్కినట్టుందండి, కొట్టించెయ్యండి" అని మొరపెట్టుకొందురు.

అట్టి ఫిర్యాదు వచ్చినపుడు సభ్యుడు చేయవలసిన నిర్ణయము చిన్నది కాదు. అది నిజముగా పిచ్చికుక్క యైనచో ఒక్కరోజు జాప్యము వలన మనుష్య ప్రాణము పోవచ్చును. కేవలము గజ్జి పట్టిన కుక్క యైనచో దానిని చంపుట అక్రమమే గాక నిష్ప్రయోజనము కూడను. ఈ రెండింటి భేదము తెలియవలెనన్న కుక్క యెందులకు నాకుకొనునో ముందుగా తెలిసికొనవలెను.

నాలుక కుక్కకు చేయి వంటిది. మనము చేతితో దులుపుకొని గుడ్డతో తుడుచుకొందుము. కుక్క ఆ రెండు పనులను నాలుకతోనే నెరవేర్చుకొనును. తిన్న పిదప మూతి నాకుకొనుట, బురదలో తిరిగి వచ్చి పాదములు నాకుకొనుట, పిల్లలను నాకి శుభ్రపరచుట దాని స్వభావము. ఇందు రోగమేమియు లేదు. పిలిచినను లేవక, అన్నము పెట్టినను రెండు ముద్దలు తిని మరల నాకుటకే పూనుకొని, రాత్రి నిద్ర సయితము మాని నాకుచుండెనేని అది అతి యనుకొనవలెను. అపుడు వ్రేళ్ళ నడుమ వెండ్రుకలు రాలి, చర్మము ఎఱ్ఱబారి, దుర్వాసన వచ్చును. తెల్లని కుక్కలలో మరియొక ఆనవాలు కలదు. నాకిన చోట వెండ్రుకలు తుప్పు రంగునకు తిరుగును. ఉక్కు కర్మాగారము దాపున నున్న గ్రామములవారు దీనిని ఇనుప ధూళి యని భ్రమపడవచ్చును గాని, ఇది లాలాజలములోని ఒక రంగు పదార్థము వలన పట్టిన మరక. ఆ మరక యున్నదన్న ఆ కుక్క చాల దినములుగా బాధపడుచున్నదని గ్రహింపవలెను.

కారణములలో మొదట చెప్పవలసినది దురద. వరినాట్లు వేసిన కూలీల కాలివ్రేళ్ళు నీటిలో నాని పాచిపోవుట మన మెరుగుదుము. సముద్రపు గాలి తేమ ఎల్లప్పుడు నుండు ఈ తీరమున, ఆషాఢము మొదలు కార్తికము వరకు వానలు పడు దినములలో, కుక్క పాదములకు పట్టునదియు అట్టి బాధయే. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యముగా అరికాళ్ళ మెత్తల యందే యుండును గనుక అచట తడి సహజముగనే అధికము. తడి నిలిచిన చోట శిలీంధ్రములు పెరుగును, దురద పుట్టును. దురదకు కుక్క నాకును. నాకుట వలన తడి మరింత అగును. తడి వలన శిలీంధ్రములు మరింత పెరుగును. ఈ చక్రమును కుక్క తనంతట తాను త్రెంచుకొనజాలదు.

దురదకు మూలము పురుగులును కావచ్చును. గజ్జి పురుగు కంటికి కనబడనంత చిన్నది. అది చర్మమును తొలిచి లోపల గ్రుడ్లు పెట్టును. చెవుల అంచులు, మోచేతులు బోడివారి పొక్కులు కట్టిన కుక్కకు గజ్జి యున్నదని అనుమానింపవచ్చును. ఇది కుక్కనుండి కుక్కకు అంటును. దానిని ముట్టుకొను పిల్లలకు కూడ కొన్ని దినములు దురద పెట్టించును. పిడుదులు అందరికి తెలిసినవే. గంతులు వేయుచు వెండ్రుకలలో దాగు చిన్న నల్లపురుగుల సంగతి మాత్రము తగినంతగా తెలియదు. వాని గ్రుడ్లు కుక్క మేనిపై నిలువక పడకలోనికి రాలును. ఆ గ్రుడ్లు పొదిగి, పురుగులై, మరల కుక్కపైకి ఎక్కుటకు వేడి దినములలో సుమారు 3 వారములు చాలును. కావున కుక్కకు మందు వేసి గోనెను అట్లే యుంచిన యెడల ఆ మందు వ్యర్థమైనట్లే.

కొన్ని కుక్కలకు పుప్పొడి, ధూళి, లేక ఏదో యొక ఆహార పదార్థము సరిపడదు. మనుష్యులకు అట్టివి సరిపడనిచో తుమ్ములో, ఉబ్బసమో వచ్చును. కుక్కకు పాదములు, చెవులు, చంకలు, పొట్ట దురద పెట్టును. ఏటేట ఒకే ఋతువున నాకుట ఆరంభమై తరువాత తగ్గుచుండెనేని ఇదియే కారణమని ఊహింపవచ్చును.

ఇచట ఒక సులభమైన పరీక్ష కలదు. కుక్క నాలుగు పాదములను నాకుచున్నదా, ఒక్కదానినేనా యని చూడవలెను. నాలుగింటిని నాకుచున్నచో దురద యని తలపవచ్చును. ఒక్కదానినే నాకుచున్నచో అచట ఏదో గ్రుచ్చుకొని యుండవచ్చును, లేదా పై కీలులో నొప్పి యుండవచ్చును. పల్లేరుకాయయో, తుమ్మముల్లో వ్రేళ్ళ సందున దాగి యుండవచ్చును. 1933లో విశాఖపట్టణపు రేవు తెరువబడిన పిదపను, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిదపను ఈ ప్రాంతపు పల్లెలలోనికి రోడ్లు, లారీలు వచ్చినవి. వానితోపాటు ఇనుప రజను, గాజు పెంకులు, కారిన నూనె వచ్చినవి. చెప్పులు లేని ప్రాణికి ఇవన్నియు పాదములకే తగులును. వేసవిలో మిట్టమధ్యాహ్నము తారురోడ్డుపై కుక్క అరికాలు బొబ్బలెక్కుటయు కలదు. ఆ రోడ్డుపై మన వట్టి అరచేతిని కొంతసేపు ఉంచజాలమన్న కుక్క పాదమును ఉంచజాలదు.

పూడిమడక వంటి మత్స్యకార గ్రామములలో ఇసుక వేరొక చిక్కు తెచ్చును. తడిసిన వెచ్చని ఇసుకలో కొంకిపురుగు పిల్లలు చక్కగా బ్రదుకును. ఇవి కుక్క మలముతో నేలబడి, మరియొక కుక్క వ్రేళ్ళ సందుల చర్మమును చొచ్చుకొని లోనికి పోవును. అచట మంట పుట్టి కుక్క నాకుకొనును. ఉత్త కాళ్ళతో ఆడు పిల్లల చర్మమును సయితము ఇవి చొచ్చును. అపుడు పాదముపై వంకర గీతవలె దినదినము ప్రాకు దురద కనిపించును. ఆ గీతను చూచినచో బిడ్డను ఆరోగ్య కేంద్రమునకు పంపి, వీధి కుక్కలకు నులిపురుగుల మందు వేయించు యోచన చేయవలెను.

ఇక పడకను నాకుట. ఎండుచేపలు మోసిన గోనెపై పరుండిన కుక్క ఉప్పు కొరకు దానిని నాకుట వింత కాదు. ఏ రుచియు లేని గోనెను, గచ్చును, గోడను గంటలకొలది నాకుట మాత్రము పొట్టలోని బాధకు గుర్తు కావచ్చును. కెనడా దేశమున మాంట్రియల్ విశ్వవిద్యాలయపు పశువైద్యులు ఇట్టి అలవాటు గల 19 కుక్కలను పరీక్షించి 2012లో తమ ఫలితములను ప్రకటించిరి. 14 కుక్కలకు పొట్టలోనో ప్రేగులలోనో వ్యాధి యున్నట్లు తేలెను. ఆ వ్యాధికి చికిత్స చేయగా సగమునకు పైగా కుక్కలలో నాకుట నిలిచిపోయెను, లేదా చాలవరకు తగ్గెను. అంతకు మునుపు అది కేవలము బుద్ధి చాపల్యమని తలచెడివారు. మన తీరమున కుళ్ళిన చేపల తలలు, పెండ్లిపందిళ్ళ ఎంగిలి విస్తళ్ళు తిను కుక్కలకు వికారము కలుగుట ఆశ్చర్యము కాదు. వికారమున నోట నీరూరును; కుక్క గడ్డి కొరుకును, నేల నాకును.

రోగమేమియు లేకయే నాకు కుక్కలును లేకపోలేదు. పగలెల్ల గొలుసుతో కట్టివేయబడి, పలుకరించు దిక్కు లేని కాపలాకుక్క మణికట్టుపై ఒక్కచోటనే నాకి నాకి పుండు చేసికొనును. దీనికి మందుకన్న ముందుగా కావలసినది గొలుసు విప్పి రెండు పూటల తిప్పుట.

గ్రామములలో చేయు చికిత్సనుగూర్చి ఒక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. గజ్జి కుక్కకు లారీలో వాడి తీసిన నూనె, కిరసనాయిలు, ఫినాయిలు, చేలకు కొట్టు పురుగుమందు పూయువారు కలరు. దయతోనే పూయుదురు. కాని కుక్క తన మేనిపై పూసిన ప్రతి వస్తువును నాకునని మరతురు. పైన పూసినది సాయంత్రమునకు పొట్టలో నుండును. ఆ విషమునకు చచ్చిన కుక్కను చూచి గజ్జి వలన చచ్చెనని చెప్పుకొందురు. మనుష్యులు మ్రింగు నొప్పి మాత్రలును ఇట్టివే. ఇంట చేయదగినది కొంచెమే. పాదమును గోరువెచ్చని నీట కడిగి, వ్రేళ్ళ సందులను పొడిగుడ్డతో ఒత్తి, ముల్లు కనబడిన తీసివేయవలెను. గజ్జికిని, పొట్టవ్యాధికిని మందు కుక్క బరువును బట్టి పశువైద్యుడే నిర్ణయింపవలెను. పశువైద్య సేవలకై 1962 అను ఉచిత టెలిఫోను సంఖ్య కలదు.

ఇంతవరకు చెప్పిన కుక్కలకును పిచ్చికుక్కకును భేద మేమి? గజ్జి కుక్క నాకుకొనుచున్నను యజమానుని గుర్తించును, నీరు త్రాగును, అరపు మారదు. రేబీసు సోకిన కుక్కయు కొన్ని వేళల తన్ను పూర్వము మరియొక కుక్క కరచిన చోటును నాకుకొనును, కొరుకుకొనును. కాని దానితో వేరు లక్షణములు చేరును. గొంతు మారును, దవడ వ్రేలాడి చొంగ కారును, కఱ్ఱలు, రాళ్ళు, మన్ను కొరుకును, తోవన పోవువానిని కారణము లేకయే కరచును, లేదా చీకటి మూలల దాగి కాళ్ళు పడిపోవును. ఈ లక్షణములు బయలుదేరిన కుక్క సాధారణముగా 10 దినములలో మరణించును. అట్టిదానిని సమీపింపక, పిల్లలను లోనికి పంపి, వెంటనే పశువైద్యునికి కబురు చేయవలెను.

నాకుట వలన మనుష్యునికి రేబీసు సోకునా యని పలువు రడుగుదురు. రోగము లాలాజలమున నుండును; లక్షణములు కనబడుటకు కొన్ని దినములు ముందే అందు చేరును. గాయము లేని చర్మమును కుక్క నాకినచో భయము లేదు, కడిగికొనిన చాలును. కాని పుండును, గీరిన చోటును, కన్నును, నోటిని నాకినచో అది తీవ్రమైన కాటుతో సమానమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. కుక్క నాకిన పుండు త్వరగా మానునని కొందరు పెద్దలు చెప్పుదురు. ఆ మాటను విడిచిపెట్టవలెను. అట్టి చోటును సబ్బుతో, పారుచున్న నీటితో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు పెట్టరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకాయు, గాయము చుట్టు వేయు రక్షక ద్రవమును పొందవలెను. బొడ్డు చుట్టు 14 సూదులు పొడుతురను భయముతో నేటికిని కొందరు ఆగిపోవుచున్నారు. గొఱ్ఱె మెదడునుండి తీసిన ఆ పాత మందు మన దేశమున 2004 తరువాత లేదు. నేటి టీకా భుజమునకే వేయుదురు. టీకా లేక రోగలక్షణములు బయలుదేరినచో మనిషి బ్రదుకుట దాదాపు అసంభవము.

పంచాయతీ చేయదగిన దేమి? కుక్కలను చంపుట చట్టవిరుద్ధము. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము కుక్కలకు సంతాన నిరోధ శస్త్రచికిత్స, రేబీసు టీకా చేయించు బాధ్యత స్థానిక సంస్థలది. చంపుట వలన ఫలితమును లేదు. ఖాళీ యైన వీధిలోనికి పొరుగూరి కుక్కలు, టీకా లేనివి, వచ్చి చేరును. ఒక ప్రాంతపు కుక్కలలో 100కి 70కి టీకా పడినచో వానిలో రేబీసు వ్యాపింపజాలదని నిపుణులు చెప్పుచున్నారు. కావున పంచాయతీ తన వీధికుక్కలను లెక్కించుట మొదటి పని. లెక్క తెలిసిన గ్రామమునకు ఎన్ని టీకాలు అడుగవలెనో తెలియును. ఏటేట పుట్టు పిల్లలకై ఈ లెక్కను, టీకాను ఏటేట మరల చేయవలెను. విశాఖపట్టణమున 1996లో నెలకొనిన విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ అను సంస్థ వీధికుక్కల శస్త్రచికిత్సల యందు అనుభవము గలది. పశుసంవర్ధక శాఖవారితో పాటు అట్టివారి సలహాను కూడ తీసికొనవచ్చును. చేపల వ్యర్థమును ఇసుకపై పారవేయక గోతిలో పూడ్పించినచో కుక్కల గుంపులును, వాని పొట్టవ్యాధులును తగ్గును.

కార్యాలయపు వసారాలోని ఆ పాత గోనెను మాత్రము వచ్చే సమావేశము వరకు ఉంచనక్కరలేదు. నేడే మరిగిన నీట ముంచి, రెండు దినములు మంచి యెండలో ఆరవేయుడని నౌకరుకు చెప్పవచ్చును. మిక్కిలి చినిగినదైనచో కాల్పించి వేరొకటి వేయింపవచ్చును.