మీకు తెలుసా? బండికి పందిరి కట్టే ముందు

తెలుగునాట ఎక్కువమంది కళ్లారా చూసిన క్యాంపర్ వ్యాన్ ఎన్టీ రామారావు చైతన్యరథమేనని నా నమ్మకం. 1982 మార్చి 29న పార్టీ పెట్టాక ఆయన ఒక పాత షెవర్లే వ్యానును బాగుచేయించుకున్నారు. దాన్నే ఇల్లుగా, వేదికగా చేసుకుని ఊరూరా తిరిగారు. కొడుకు హరికృష్ణ స్టీరింగు పట్టారు. 1983 జనవరి ఎన్నికల్లో రామారావు గుడివాడ, తిరుపతి రెండుచోట్లా గెలిచారు. రోడ్డు పక్కనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం అన్న బతుకు ఎలా ఉంటుందో మన జనం అప్పుడే చూశారు.

ఇప్పుడు టెంపో ట్రావెలర్లను పడకలతో, పొయ్యితో ఇళ్లుగా మార్పించుకుంటున్న కుటుంబాలు తిరుపతి, చిత్తూరు దారుల్లోనూ కనిపిస్తున్నాయి. ఆ ఇంటికి వసారా లాంటిది ఆనింగ్. వ్యాను పక్కగోడ పైభాగాన పొడవాటి అల్యూమినియం పెట్టె ఉంటుంది. అందులో గొట్టానికి చుట్టిన గుడ్డ. హ్యాండిల్ కొక్కేనికి తగిలించి తిప్పితే మడత చేతులు విచ్చుకుంటూ గుడ్డను బయటికి నెడతాయి. ముందు బద్దలో దాగిన రెండు కాళ్లను కిందికి దించితే పందిరి సిద్ధం. ఇటలీ కంపెనీ ఫియామా, స్వీడన్ కంపెనీ థూలే వీటికి పేరున్నవి. మూడు మీటర్ల పొడవున్నది సుమారు 20 నుంచి 25 కిలోలు తూగుతుంది, రెండున్నర మీటర్ల దాకా ముందుకొస్తుంది. అంటే ఏడున్నర చదరపు మీటర్ల నీడ. రోడ్లు వెడల్పయ్యేకొద్దీ దారి పక్క చింతచెట్లు పోయిన మన సీమలో అది చిన్న విషయం కాదు.

తిరుపతిలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడని మీకు తెలుసా? ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి. ఊరు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటమే కారణం. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో నిలువు కర్రకు నీడే ఉండదు. పందిరి నీడ సరిగ్గా పందిరి కిందే పడుతుంది. బండిని ఏ దిక్కుకు ఆపినా ఫరవాలేదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, మిగతా కాలమంతా దక్షిణాన.

అసలు చిక్కు సాయంత్రం మొదలవుతుంది. మే నెలలో నాలుగు గంటలకు సూర్యుడు పడమట 34 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. రెండు మీటర్ల 20 సెంటీమీటర్ల ఎత్తున్న పందిరి అంచు నీడ అప్పటికి మూడు మీటర్లకు పైగా తూర్పుకు జరిగిపోతుంది. పందిరిని పడమటి వైపు విప్పారనుకోండి, ఆ నీడ మొత్తం వ్యాను గోడ మీదికి ఎక్కుతుంది, కింద కుర్చీ వేసుకున్న పెద్దాయన ముఖాన ఎండ కొడుతుంది. భోజనాలయ్యాక పొద్దుగూకే దాకా ఉండాలనుకుంటే పందిరి తూర్పుకు ఉండేలా బండిని ఆపాలి. అప్పుడు వ్యానే అడ్డుగోడ అవుతుంది. ఇంత చిన్న సంగతి ముందే ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎంతోమంది డబ్బు పోసి బిగించుకున్న పందిరిని పనికిరాదని తిట్టుకుంటారు.

ఎండ సంగతి దిక్కు చూసుకుంటే తీరిపోతుంది. గాలి అలా కాదు.

ఏప్రిల్, మే నెలల్లో చిత్తూరు మామిడి రైతు ఆకాశం వైపు ఎందుకు చూస్తాడో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం దాకా ఆకు కదలదు, సాయంత్రానికి గాలివాన విరుచుకుపడి తోతాపురి కాయంతా నేల రాలుతుంది. పందిరికి ఆ గాలే గండం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలి ఏడున్నర చదరపు మీటర్ల గుడ్డకు నేరుగా తగిలితే దాని తోపు దాదాపు 58 కిలోల బరువుతో సమానం. అదే గాలి 60 కిలోమీటర్లకు పెరిగితే 130 కిలోలు. వేగం ఒకటిన్నర రెట్లయితే తోపు రెండుంపావు రెట్లవుతుంది, ఎందుకంటే తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పైగా గాలి గుడ్డ కిందికి దూరి పైకి ఎత్తుతుంది. అప్పుడు చేతులు వంగుతాయి, బ్రాకెట్లు గోడను చీలుస్తాయి.

స్వర్ణముఖి ఇసుకలో మేకు నిలవదు కదా, కాళ్లకు నీళ్ల క్యాన్లు కడదాం అంటారు కొందరు. 20 లీటర్ల క్యాను 20 కిలోలు. రెండు కాళ్లకు రెండు క్యాన్లు కడితే 40 కిలోలు. పైన చెప్పిన 58కి అవి చాలవు. పలమనేరు వైపు ఎర్ర గరుపనేలలో వేసవిలో సన్న మేకులు దిగవు, వంగిపోతాయి. బొటనవేలంత లావు ఇనుప కడ్డీలే కావాలి, వాటిని సుత్తితో ఏటవాలుగా దించాలి. అయినా మబ్బు పట్టి గాలి మళ్లిందంటే అన్నిటికన్నా మంచి పని ఒకటే: చుట్టేయడం. దానికి రెండు నిమిషాలు చాలు.

ఇక బిగింపు. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత డబ్బు పెట్టినా సరిచేయలేం. వ్యాను పక్కరేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ రేకులోకి నేరుగా మరమేకులు బిగిస్తే 20 కిలోల పెట్టె ఆగినట్టే కనిపిస్తుంది. నాలుగు గతుకులు దాటాక రంధ్రం పెద్దదవుతుంది. కాబట్టి లోపలి లైనింగ్ విప్పించి బాడీ పక్కటెముకలు ఎక్కడున్నాయో చూడాలి. బ్రాకెట్లు వాటి మీదికే రావాలి. మూడు మీటర్ల పెట్టెకు మూడు బ్రాకెట్లు ఉంటే నయం. ఎముక దొరకని చోట లోపలివైపు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప ప్లేటు పెట్టి, బరువు నలువైపులా పరుచుకునేలా చేయాలి. లైనింగ్ విప్పడంలో ఇంకో లాభం కూడా ఉంది: ఏసీ డక్టు, లైట్ల వైర్లు ఎటు పోతున్నాయో కళ్లకు కనిపిస్తాయి. చూడకుండా డ్రిల్లు దింపితే అవి తెగుతాయి.

బ్రాకెట్ల గీత గీయడానికి రసమట్టం వాడొద్దు. షెడ్డు నేల వాలుగా ఉంటే రసమట్టం నేలకు సరైన గీతనే చూపిస్తుంది, బండికి మాత్రం అది వంకర. కప్పు అంచు నుంచి టేపుతో కొలిచి, రెండు చివరలా ఒకే కొలత వచ్చేలా దారం పట్టాలి. గీయకముందే పక్క తలుపును పూర్తిగా తెరిచి చూడాలి. తెరిచిన తలుపు పెట్టెకు తగిలిందంటే పని మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

రంధ్రం వేయగానే కప్పు మీద రాలే ఇనుప రజను ఎంత చెడ్డదో మీకు తెలుసా? కంటికి పొడిలా కనిపిస్తుంది. ఒక వాన పడిందంటే ప్రతి రవ్వా తుప్పు చుక్కగా మారి పెయింటులోకి దిగుతుంది. పని ముగిసిన వెంటనే మెత్తటి బ్రష్‌తో ఊడ్చి, తడిగుడ్డతో తుడవాలి. రంధ్రం అంచులను ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టకుండా ప్రైమరు పూయాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి, నట్లు నైలాన్ రింగు ఉన్నవైతే అదురుకు వదలవు. అల్యూమినియం పెట్టె, ఉక్కు బోల్టు నేరుగా తగులుతూ తడిస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, మధ్యలో నైలాన్ వాషరు తప్పనిసరి. నీళ్లు దిగకుండా పాలీయురేథేన్ సీలెంటు పెట్టించండి. బాత్రూమ్ సిలికాన్ చవకే కానీ, దాని మీద పెయింటు నిలవదు.

బిగించాక ప్రతి బోల్టు తల మీద నుంచి రేకు మీదికి పెయింటుతో ఒక సన్నటి గీత గీయించండి. బోల్టు వదులైతే గీత తెగి కనిపిస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కి దిగిన తర్వాత ఒకసారి ఈ గీతలు చూసుకోవడం మంచిది. 1944లో వేసిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1974లో వేసినది ఎక్కడానికి వాడుతున్నారు. రెండింటిలోనూ మలుపు మలుపుకీ బండి ఒరుగుతుంది, ఆ బరువంతా బ్రాకెట్ల మీద పడుతుంది.

ఏ వైపు బిగించాలి? మన దేశంలో ఎడమవైపే. మనం రోడ్డుకు ఎడమన నడుస్తాం, దిగే తలుపూ అటే, పందిరి వాహనాల వైపు కాకుండా చేను వైపు తెరుచుకోవాలి. యూరప్‌లో చాలా దేశాల్లో బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి అక్కడి వ్యానులకు తలుపు, పందిరి కుడిపక్కన ఉంటాయి. అక్కడినుంచి ఆనింగ్ తెప్పించుకునేటప్పుడు హ్యాండిల్ కొక్కెం ఏ చివర ఉందో అడిగి తీసుకోండి.

రేకుకు రంధ్రమే వేయకుండా బిగించుకునే అదృష్టం కొన్ని బండ్లకుంది. పాత మెటాడోర్, మారుతి ఓమ్నిల కప్పు అంచున వాననీటి గాడి ఉండేది, దానికి క్లాంపులు పట్టేవి. ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ యజమానులు కప్పు క్యారియర్‌కే చిన్న ఆనింగ్ బిగించుకుంటారు. ఆ పికప్ తయారయ్యేది ఎక్కడో కాదు, తిరుపతి జిల్లాలోని మన శ్రీసిటీలోనే, 2016 నుంచి.

వాన లెక్క ఇంకా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఏడున్నర చదరపు మీటర్ల గుడ్డ మీద పది మిల్లీమీటర్లు కురిస్తే 75 లీటర్లు, అంటే 75 కిలోలు. గుడ్డ సమంగా పరిచి ఉంటే నీళ్లు మధ్యలో కుంటలా నిలుస్తాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి మరిచిపోలేం. కాబట్టి ఎప్పుడూ ఒక కాలు రెండోదానికంటే జానెడు దించి ఉంచాలి. తడిసిన గుడ్డను చుట్టాల్సి వస్తే ఎండ రాగానే విప్పి ఆరబెట్టాలి, లేకపోతే బూజు పట్టి ఆ వాసన ఇక వదలదు.

విప్పేటప్పుడు మీటరు దాకా తిప్పి ఆపి, ముందు కాళ్లు దించి, తర్వాతే మిగతాది తిప్పాలి. పొయ్యి పందిరి కింద పెట్టొద్దు, పీవీసీ పూత గుడ్డ సెగకు మెత్తబడిపోతుంది. ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం పరిసరాల్లో చీకటి పడ్డాక పందిరి వేసుకుని వంట చేయడం ప్రాణాలతో చెలగాటమే.

పందిరి విప్పి ఉందన్న సంగతి మరిచి బండి కదిలించేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అందుకు ఒక ఉపాయం: పందిరి బయట ఉన్నంతసేపూ దాని హ్యాండిల్‌ను స్టీరింగుకు తగిలించి ఉంచండి.

చివరగా చట్టం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 93వ నియమం ప్రకారం బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. ట్రావెలర్‌కు పెట్టె బిగించినా ఆ హద్దు చేరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మాత్రం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అంటుంది. దాన్ని గట్టిగా పాటించాలని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఏడాదికోసారి కాణిపాకం వెళ్లొచ్చే కుటుంబానికి ఇంత శ్రమ అక్కర్లేదు, ఒక టార్పాలిన్, రెండు వెదురు గడలు చాలు. నెలలో పది రోజులు బండిలోనే గడిపేవాళ్లు తప్పకుండా బిగించుకోండి. కానీ డ్రిల్లు పట్టించకముందే ఆర్టీవో ఆఫీసును, బీమా కంపెనీని అడిగి జవాబును కాగితం మీద తీసుకోండి.