ఆలూరు దారిని కొరియా సెడాన్

హైదరాబాదునుండి బిజాపూరు పోవు రహదారిపై మొయినాబాదు, చేవెళ్ళ దాటి మన్నెగూడ వైపు సాగినచో ఆలూరు తగులును. ఇరుప్రక్కల మర్రిచెట్లు, దారి ప్రక్కన కూరగాయల గంపలు, ఎదురుగా కంకర టిప్పర్లు, వెనుకనుండి హారను మ్రోగించుచు వచ్చు కార్లు. ఒక మోటారుకారును గురించి ముచ్చటింపబూని మేము ఈ దారినే ఎన్నుకొనుటకు కారణము కలదు. కారు అందమును చూచుటకు షోరూములోని నున్నని నేల చాలును; దాని గుణము తెలియుటకు ఇట్టి దారి కావలెను.

సెడాన్ అనగా మూడరల కారు. ముందర ఇంజనుకొక అర, నడుమ మనుష్యులకొక అర, వెనుక సామానుకొక అర. వీనిలో మధ్యస్థ పరిమాణముగలవని చెప్పునప్పుడు కొరియావారి లెక్క వేరు, మన లెక్క వేరు. వారికి సొనాటా మధ్యస్థము. అది 2001లో మన దేశమునకు వచ్చినది. పలుమార్లు రూపు మార్చుకొని వచ్చినది. కాని కొన్నవారు కొద్దిమందియే. మన బజారున మధ్యస్థ సెడాన్ అనగా హ్యుందాయ్ వెర్నా. ఈ ప్రసంగము దానిని గురించియే.

హ్యుందాయ్ మోటారు కంపెనీని చుంగ్ జు-యుంగ్ 1967లో స్థాపించెను. మొదట వారు చేసినది ఫోర్డు కంపెనీవారి కోర్టినా కారును కూర్చుట మాత్రమే. 1975లో పోనీ అను కారు వెలువడినది. దాని రూపమును గీసినవాడు ఇటలీదేశస్థుడు జుజియారో, పనిని నడిపించినవాడు ఆంగ్లేయుడు జార్జి టర్న్‌బుల్, ఇంజను జపానుదేశపు మిత్సుబిషివారిది. రేడియో నెరిగిన మా పాఠకులకు ఈ స్థితి సులభముగా బోధపడును. పెట్టె మనది, లోపలి వాల్వులన్నియు పరాయివి అయినప్పుడు ఆ సెట్టును మనదని చెప్పుకొనవచ్చును గాని, వాల్వు కాలిపోయిననాడు ఎవరి ముఖము చూడవలెనో అందరికిని తెలియును. కొరియావారు ఆ సంగతి గ్రహించి తమ సొంత ఇంజనుకై యేండ్లకొలది పాటుపడిరి. 1991లో ఆల్ఫా అను ఇంజను సిద్ధమైనది. 1994లో వచ్చిన యాక్సెంట్ కారులో ఇంజను మొదలు చట్రము వరకు స్వంత రూపకల్పనయే. వెర్నా ఆ యాక్సెంట్ వంశమునకు చెందినది.

1996లో ఆ కంపెనీ మద్రాసు చెంత శ్రీపెరుంబుదూరున కాలూనినది. 1998లో శాంత్రో, 1999లో యాక్సెంట్ వెలువడినవి. 2006లో వెర్నా మన దేశమున అడుగిడినది. ఆ సంవత్సరముననే హైదరాబాదులో హ్యుందాయ్‌వారి ఇంజనీరింగు కేంద్రమొకటి ఏర్పడినది. కొరియాలోని నామ్‌యాంగ్ పరిశోధనాలయమునకు తోడుగా విడిభాగముల రూపకల్పన, కంప్యూటరుపై వాని బలాబలముల పరిశీలన ఇచ్చట జరుగును. కారుబొమ్మను తెరపై గోడకు ఢీకొట్టించి యే రేకు ఎచ్చట మడతపడునో చూచు విద్య హైటెక్ సిటీ ప్రాంతమున మన పిల్లలు నిత్యము చేయు ఉద్యోగమైనది. (2019లో నాటి అనంతపురము జిల్లా పెనుకొండ చెంత ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారము కూడ ఈ కుటుంబమునకు చెందినదే, అయితే అచ్చటినుండి వెలువడి పేరుపొందినవి సెడాన్లు కావు.)

2006 నాటి వెర్నా బలము ఇంజనునందు గలదు. 1.5 లీటర్ల డీజిలు ఇంజను 110 అశ్వశక్తి నిచ్చెడిది; ఆనాటికి ఈ తరగతిలో అది గొప్ప. 2011 నాటి కారు అలల వంటి రేకుల మడతలతో కన్నులు చెదరగొట్టినది. అమ్మకములు బాగుగా సాగినవి. కాని వేగము హెచ్చినప్పుడు వెనుకభాగము ఊగులాడుచున్నదని నడిపినవారు చెప్పుకొనిరి. అందమునకు పెట్టిన శ్రద్ధ స్ప్రింగులకు పెట్టలేదని మా అభిప్రాయము. 2017 నాటి కారులో ఆ లోపమును చాలవరకు సవరించిరి. చట్రమున అధిక దృఢత్వముగల ఉక్కు పాలు హెచ్చినది.

2023 మార్చిలో వచ్చిన తరము మరియొక అడుగు. ముందు, వెనుక చక్రముల నడిమి దూరము 1999 యాక్సెంట్‌లో 2,440 మిల్లీమీటర్లు, ఇందులో 2,670. ఆ ఇరువదిమూడు సెంటీమీటర్లు వెనుక కూర్చుండు పెద్దల మోకాళ్ళకు తెలియును. సామానుల అర 528 లీటర్లు. డీజిలు ఇంజనును పూర్తిగా విడనాడిరి. పెట్రోలు ఇంజనులు రెండు: ఒకటి 115 అశ్వశక్తిది, రెండవది టర్బో అమర్చినది, 160 అశ్వశక్తిది. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకములలోను ఉండునట్లు చేసిరి. డ్రైవరు ప్రక్కనున్నవానికి ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యని మన ప్రభుత్వము క్రొత్త నమూనాలకు ఆదేశించినది 2021లో మాత్రమే యని జ్ఞాపకముంచుకొన్నచో ఈ మార్పు విలువ తెలియును.

2023 అక్టోబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థవారు ఈ కారును గంటకు 64 కిలోమీటర్ల వేగముతో అడ్డుగోడకు ఢీకొట్టించి పరీక్షించిరి. పెద్దల రక్షణకు అయిదు నక్షత్రములు, పిల్లల రక్షణకు అయిదు నక్షత్రములు లభించినవి. ప్రకటనలలో ఇంతవరకే కనబడును. అదే నివేదికలో కారు దేహము అస్థిరమనియు, ఇంతకుమించిన తాకిడికి ఓర్వజాలదనియు కూడ వ్రాసిరి.

ఇది విరుద్ధముగా తోచవచ్చును. కారు ముందుభాగము నలగవలెను. నలుగుటయే దాని పని, ఆ నలుగుటలో తాకిడి శక్తి ఖర్చగును. మనుష్యులున్న నడిమి అర మాత్రము నలగరాదు. నక్షత్రములు ప్రధానముగా లోపలి బొమ్మల తలకు, ఎదకు, కాళ్ళకు తగిలిన దెబ్బ కొలతనుబట్టి వచ్చును. బెల్టులు, ఎయిర్‌బ్యాగులు చక్కగా పనిచేసినచో 64 కిలోమీటర్లవద్ద బొమ్మ క్షేమముగా నుండును. దేహము అస్థిరమనగా ఆ అర తన ఓర్పు అంచునకు వచ్చినదని అర్థము. తాకిడి శక్తి వేగముతోపాటు కాదు, వేగపు వర్గముతో పెరుగును. 64 బదులు 90 అయినప్పుడు శక్తి దాదాపు రెండింతలు. 160 అశ్వశక్తి చేతికిచ్చిన కారునకు 90 ఒక వేగమే కాదు. ఇంజను పెరిగినంతగా పెట్టె పెరుగలేదని మా తీర్పు; కొనదలచినవారు నక్షత్రములతో పాటు ఆ మాటను కూడ చదువవలెను.

హెచ్చు ధర రకములలో కారే కన్నులు తెరచి చూచు ఏర్పాటు కలదు. అద్దము వెనుక కెమెరా, ముందు బంపరు వద్ద రాడారు. రాడారన్నది మన ఆకాశవాణికి దగ్గరి చుట్టమే. 738 కిలోహెర్ట్జుల మధ్యతరంగము పొడవు సుమారు 406 మీటర్లు. కార్ల ముందు రాడారులకు సాధారణముగా వాడునది 77 గిగాహెర్ట్జులు. ఆ తరంగము నాలుగు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. మన తరంగము ఊళ్ళను చుట్టి వచ్చును. ఇది ముందరి బండిని తాకి తిరిగివచ్చి, ఎంత దూరమున నున్నది, ఎంత వేగముగా దగ్గరగుచున్నది అనునది తెలుపును. ప్రమాదము తోచినచో మొదట హెచ్చరించును. డ్రైవరు కదలనిచో తానే బ్రేకు వేయును. దారి గీతలు దాటినచో స్టీరింగును మెల్లగా సరిచేయును.

గీతలుండవలెను గదా! అతుకులు వేసిన తారుపై, మర్రినీడ పడిన చోట, గీత చెరిగిపోయినచో కెమెరాకు ఆధారము లేదు. కారును, పాదచారిని, సైకిలును పోల్చుకొనునట్లు దానికి నేర్పిరి. పొలమునుండి మరలు గేదెకు ఆ జాబితాలో చోటు లేదు.

ఇంకొక మాట. 2024 డిసెంబరు 2వ తేదీన ఆలూరు స్టేజీవద్ద అదుపు తప్పిన లారీ దారిప్రక్క కూరగాయలమ్మువారిపైకి దూసికొనిపోగా కొందరు ప్రాణములు కోల్పోయిరి. 2025 నవంబరు 3వ తేదీన ఇదే రహదారిపై మీర్జాగూడవద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మరణించిరి. వీరెవ్వరును కారులో నున్నవారు కారు. ఆరు ఎయిర్‌బ్యాగులు కొన్నవానికే. గంపముందు కూర్చున్న స్త్రీకి రక్షణ వెడల్పైన దారియు, లారీకి మంచి బ్రేకులును. అప్పా కూడలినుండి మన్నెగూడవరకు 46 కిలోమీటర్ల విస్తరణ, మర్రిచెట్ల వివాదమువలన ఏండ్లతరబడి నిలిచిపోయియుండెను. చెట్లను కాపాడుచు దారి వేయుట కష్టమే గాని అసాధ్యము కాదని మేము తలచుచున్నాము.

కారు కలిగినవారు తెలిసికొనవలసిన చిన్న సంగతి యొకటి మిగిలినది. రాడారు ముందు బురద పేరుకొన్నచో తరంగము వెలికి పోదు. డ్రైవరు ముందరి తెరపై హెచ్చరిక వెలిగి, ఆ ఏర్పాటు తాత్కాలికముగా ఆగిపోవును. వానాకాలమున చేవెళ్ళ ఎర్రమట్టి బాటలో దిగి వచ్చినవారు రహదారి ఎక్కకముందు బంపరుపై నున్న ఆ నున్నని పలకను తడిగుడ్డతో తుడిచినచో చాలును.