రుచి చూసి బతికిందా.. మళ్లీ ముట్టదు!

విషపు ఎరలు విఫలం కావడానికి ఎలుక జ్ఞాపకశక్తే కారణం

భువనగిరి: మూసీ కాల్వల కింద వరి సాగయ్యే భువనగిరి, వలిగొండ, పోచంపల్లి ప్రాంతాల రైతులకు ఎలుకల బెడద కొత్త కాదు. నూకల్లో విషం కలిపి పెడితే మొదటి రాత్రి కొన్ని చస్తాయి. ఆ తర్వాత ఎరలు పెట్టినవి పెట్టినట్లే ఉంటాయి. పైరు మాత్రం తెగిపడుతూనే ఉంటుంది. మందు నకిలీదని రైతు అనుమానిస్తాడు. అసలైన మందు వాడినా ఇలా జరగవచ్చు. కారణం ఎలుక తినే తీరులోనే ఉంది.

కొత్తదంటే అనుమానం

ఎలుక వాంతి చేసుకోలేదు. అందుకే తెలియని తిండిని ఒక్కసారిగా తినదు. కొద్దిగా కొరికి ఊరుకుంటుంది. నలత చేయకపోతేనే మళ్లీ వస్తుంది. తీపిని ఇష్టపడుతుంది, చేదును వదిలేస్తుంది. తోటి ఎలుక నోటి వాసనను బట్టి అది తిన్న ఆహారాన్ని తానూ ఎంచుకుంటుంది.

ప్రయోగశాల చెప్పిన నిజం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్ల పెంచే తెల్ల ఎలుకలు పరిశోధనలకు ఆధారం. అలాంటి ఎలుకలపైనే అమెరికా శాస్త్రవేత్త జాన్ గార్సియా బృందం 1955లో ఓ ప్రయోగ ఫలితం ప్రకటించింది. శాకరిన్ కలిపిన తీపి నీరు తాగే సమయంలో ఎలుకలను గామా కిరణాలకు గురిచేశారు. కిరణాల వల్ల నలత చేసింది. అయినా ఎలుకలు తప్పును తీపి నీటిపైనే మోపి, దానిని తాగడం మానేశాయి. 1966లో గార్సియా, కోయెలింగ్ మరో అడుగు వేశారు. రుచితో పాటు వెలుగు, శబ్దం కూడా తోడు చేసి నీరు తాగించారు. నలత చేసిన ఎలుకలు రుచిని వదిలేశాయి. విద్యుత్ షాక్ తగిలినవి వెలుగు, శబ్దాలకు జడిశాయి. అంటే కడుపులో బాధకు ఎలుక తిండినే దోషిగా ఎంచుతుంది.

పొలం ఎలుక జాతి వేరైనా ఈ స్వభావం దానికీ ఉంది. జింకు ఫాస్ఫైడ్ కొద్ది గంటల్లోనే బాధ కలిగిస్తుంది. చాలినంత తినక బతికిన ఎలుక ఆ ఎరను గుర్తుంచుకుంటుంది. బ్రోమడయోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజుల తర్వాత చంపుతుంది. నలతకూ ఎరకూ సంబంధం ఎలుకకు అంతుపట్టదు.

ఏం చేయాలి?

సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయాలి. మర్నాటికి తెరుచుకున్న వాటిలోనే ఎలుకలున్నట్లు లెక్క. జింకు ఫాస్ఫైడ్ వాడేవారు ముందుగా రెండు రోజులు విషం లేని నూకలు, నూనె కలిపి పెట్టి అలవాటు చేయాలి. ఆ తర్వాతే మందు కలపాలి. విఫలమైతే వెంటనే మళ్లీ అదే మందు పెట్టరాదు. బ్రోమడయోలోన్‌కు అలవాటు చేయాల్సిన పని లేదు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి, పొట్లాలుగా కట్టి బొరియల్లో వేయాలి. పైరు పొట్ట దశకు రాకముందే ఈ పని ముగించాలి. కంకి రుచి మరిగితే ఎలుక ఎర వైపు చూడదు.

ఒక్క రైతు పెడితే పక్క పొలం నుంచి ఎలుకలు వస్తాయి. ఊరంతా ఒకేసారి చేపట్టాలి. మందును చేత్తో కలపరాదు. పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి. జింకు ఫాస్ఫైడ్‌కు ప్రత్యేక విరుగుడు లేదు. పొరపాటున మింగితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి.