తిరుమల కొండలో కాలపు కొలత

తిరుపతి నుండి తిరుమలకు పోయే ఘాట్ రోడ్డు ప్రక్కన, కొండను తొలిచినచోట, రెండు రకాల శిలలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. క్రిందిది గ్రానైట్. పైన పొరలుపొరలుగా ఉన్నది చిత్తూరు జిల్లాలోని నగరి పేరుతో పిలిచే క్వార్ట్జైట్. ఈ రెండూ కలిసే చోటును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ప్రతిదినం వేలాదిమంది యాత్రికులు దానిని దాటిపోతారు. చూపునకు అది ఒక గీత మాత్రమే. కాని భూమి వయస్సును గురించి మానవుని భావాలు ఎట్లా మారాయో ఆ గీత ఆధారంగా తెలుసుకోవచ్చు.

గ్రానైట్ భూమి లోతులలో శిలాద్రవం మెల్లగా చల్లారగా ఏర్పడుతుంది. క్వార్ట్జైట్ ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న ఇసుక. మరి లోతున పుట్టిన రాతిపై ఇసుక ఎట్లా చేరింది? ముందు గ్రానైట్ పైకి లేవాలి. దానిని కప్పిన దట్టమైన రాతిని ఎండలు, వానలు, ఏరులు అరగదీయాలి. ఆ నేల నీట మునగాలి. దానిపై ఇసుక పేరుకొని రాయి కావాలి. తిరిగి అదంతా కొండగా లేవాలి. సంవత్సరానికి వెంట్రుకవాసి చొప్పున సాగే ఈ పనికి కొన్ని వేల ఏళ్లు ఏమాత్రం చాలవు.

ఐరోపాలో అధికులు నమ్మినది ఆ కొన్ని వేల ఏళ్లనే. బైబిలు ఆధారంగా ఆర్చిబిషప్ అషర్ 1650లో సృష్టి క్రీ. పూ. 4004లో జరిగిందని లెక్కకట్టాడు. 1788లో జేమ్స్ హటన్ స్కాట్లండు తీరాన సిక్కార్ పాయింట్ వద్ద ఇటువంటి శిలాసంధినే చూశాడు. అక్కడ నిలువుగా నిలిచిన పాత పొరలపై కొత్త పొరలు పరుచుకొని ఉన్నాయి. భూమి చరిత్ర ఊహకందనంత దీర్ఘమైనదన్న అతని వాదానికి అది బలమిచ్చింది.

అయితే కొత్త భావానికి గట్టి ఆక్షేపణ శాస్త్రం నుండే వచ్చింది. భూమి చల్లారే వేగాన్ని బట్టి దాని వయస్సు 2 నుండి 4 కోట్ల సంవత్సరాలే అని లార్డ్ కెల్విన్ 1897లో ప్రకటించాడు. లోపం ఆయన గణితంలో లేదు, దానికి పునాదిగా తీసుకొన్న ఊహలలో ఉంది. భూగర్భంలోని పదార్థం కదులుతూ వేడిని మోస్తే లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుందని, ఒకప్పుడు ఆయన వద్ద సహాయకుడైన జాన్ పెర్రీ 1895లోనే చూపాడు. 1896లో బెకరెల్ రేడియోధార్మికతను కనుగొనడంతో శిలలలోనే ఒక గడియారం దొరికింది. యురేనియం ఒక నియతమైన రేటున సీసంగా మారుతుంది. ఈ రెండింటి పాళ్లను కొలిస్తే కాలం తెలుస్తుంది. సీసపు రకాలను కొలిచి పాటర్సన్ 1956లో భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. తిరుమల సంధిలో రెండు శిలల నడుమ ఎడం దాదాపు 80 కోట్ల సంవత్సరాలని అంచనా.

మన సంకల్పంలో తలచే కల్పం 432 కోట్ల ఏళ్లు. సంఖ్యలు దగ్గరగా ఉన్నాయి గనుక పురాణమే ముందు చెప్పిందనడం తొందరపాటు. ఆ సంఖ్య రాతిని కొలిచి తేల్చినది కాదు. కొత్త కొలత వచ్చినా అది మారదు. పాటర్సన్ సంఖ్యనైతే ఎవరైనా తిరిగి పరీక్షించవచ్చు, తప్పయితే దిద్దవచ్చు. శాస్త్రంలో పాత భావాన్ని తొలగించి కొత్తదానిని నిలిపేది పెద్దల పేరు కాదు, సంఖ్య పెద్దతనమూ కాదు. ఇట్లా పరీక్షకు నిలవడమే.