కుందూ లోయలో ఆళ్లగడ్డ: వరా, శనగా?

తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ లోయ. ఈ లోయలో నంద్యాలకు దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది ఆళ్లగడ్డ. 2011 లెక్కల్లో నంద్యాల పట్టణ జనాభా సుమారు 2 లక్షలు. ఆళ్లగడ్డ అంతకన్నా చాలా చిన్నది. అహోబిలం యాత్రికులున్నా, శిల్పుల ఉలి చప్పుడున్నా, అంగళ్లు కళకళలాడేది చుట్టుపక్కల పల్లెల్లో పంట పండితేనే.

ఆ పంటకు పెద్ద దిక్కు కె.సి. కాలువ. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఈ కాలువకు సుంకేసుల వద్ద తుంగభద్ర నీరే ఆధారం. ఇప్పుడు పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా శ్రీశైలం నీరూ కలుపుతున్నారు. అయినా చివరి భూములకు నీళ్లొస్తాయా రావా అన్నది ఏటా ఉండే బెంగే. వరి పొట్ట మీదుండగా కాలువ ఆగిపోతే ఎకరా, రెండెకరాల రైతు పెట్టుబడంతా పోయినట్టే.

నమ్మకం లేని నల్లరేగడి చేలల్లో శనగ మేలు. అక్టోబరు, నవంబరుల్లో విత్తితే భూమిలోని తేమతోనే, మంచుతోనే పండుతుంది. కోతకు కూలీలు దొరకనివారు నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన ఎన్‌బీఈజీ-47 రకం చూడొచ్చు. మొక్క ఎత్తుగా, నిటారుగా పెరుగుతుంది కాబట్టి మిషన్‌తో కోయవచ్చు. నీరు నిలిచే మడిలో మాత్రం వద్దు, వేరు కుళ్లిపోతుంది.