ఒకే తెర మీద రెండు యంత్రాలు

చేపల వేటకు బయల్దేరిన బోటుకు రెండు ప్రశ్నలుంటాయి. అడుగున ఏముంది? మనం ఎక్కడున్నాం? మొదటిదానికి జవాబు చెప్పేది ఫిష్ ఫైండర్. రెండోదానికి జీపీఎస్. ఇవాళ బజారులో ఈ రెండూ కలిసి ఒకే పెట్టెలో దొరుకుతున్నాయి, విడివిడిగానూ దొరుకుతున్నాయి. కలిపినది చవక, చోటూ కలిసొస్తుంది. అయినా బోటు యజమాని కొనేముందు ఒక్క క్షణం ఆగడం మంచిది. ఎందుకంటే ఈ రెండు యంత్రాలూ అన్నదమ్ములేమీ కావు. ఒకటి మంచుకొండ భయంలోంచి పుట్టింది, రెండోది సైన్యం అవసరంలోంచి.

1912లో టైటానిక్ మునిగింది. చీకట్లో మంచుకొండను ముందే పసిగట్టే ఉపాయం ఉండాలని చాలామంది శాస్త్రజ్ఞులు పట్టుబట్టారు. జర్మనీలో అలెగ్జాండర్ బేమ్ నీటిలోకి శబ్దాన్ని వదిలి ప్రతిధ్వని కోసం చూశాడు. మంచు నుంచి సరైన జవాబు రాలేదు గానీ సముద్రపు అడుగు నుంచి స్పష్టంగా వచ్చింది. 1913లో లోతు కొలిచే పరికరానికి ఆయన పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములను వెతికే పనిలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ క్వార్ట్‌జ్ పలకలను వాడాడు. కరెంటు ఇస్తే ఆ పలక కంపించి శబ్దం పుట్టిస్తుంది. తిరిగొచ్చిన శబ్దం తాకితే కరెంటు పుట్టిస్తుంది. నోరూ చెవీ రెండూ తానే అన్నమాట. ఇప్పుడు క్వార్ట్‌జ్ స్థానంలో సిరామిక్ వచ్చింది గానీ, బోటు అడుగున బిగించే ట్రాన్స్‌డ్యూసర్ పనితీరు అదే.

చేపలు ఈ కథలోకి పిలవకుండానే వచ్చాయి. లోతు గీసే కాగితం మీద అడుగుకు పైన అక్కడక్కడా మరకలు పడేవి. అవి చేపల గుంపులని కొందరికి తట్టింది. నార్వే శాస్త్రవేత్త ఆస్కార్ సుండ్ లోఫోటెన్ దగ్గర కాడ్ చేపల గుంపు గీతలను 1935లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించాడు. దాన్ని వేటగాళ్ల సరుకుగా మార్చినవాడు జపాన్‌లోని నాగసాకి ప్రాంతపు కియోటకా ఫురునో. పడవలకు కరెంటు పనులు చేసే ఆయనకు, బుడగలు లేచేచోట చేపలుంటాయని జాలర్లు చెప్పారు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన నౌకాదళ లోతుమాపకాన్ని తీసుకుని మార్పులు చేసి, 1948లో చేపల బోట్లకు పనికొచ్చే ఫిష్ ఫైండర్‌ను మార్కెట్లోకి తెచ్చాడు.

ఉప్పునీటిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. 75 మీటర్ల లోతు, అంటే మన జాలర్ల లెక్కలో 40 బారల పైచిలుకు, వెళ్లి రావడానికి సెకనులో పదో వంతు చాలు. చేప కండ దాదాపు నీటిలాంటిదే కాబట్టి శబ్దాన్ని పెద్దగా వెనక్కి కొట్టదు. గట్టిగా కొట్టేది కడుపులోని గాలితిత్తి. కచిడి చేపకు లక్షల ధర తెచ్చేదీ ఆ తిత్తే. అది లేని సొర జాతులు తెర మీద అంత గట్టిగా పడవు.

ఆ తెరను దగ్గరగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కుడి అంచున కనిపించేదొక్కటే ఇప్పటి సమాచారం. ఎడమకు జరిగిపోయినదంతా బోటు దాటొచ్చినది. శబ్దం కిందికి శంకువులా విచ్చుకుంటుంది. 50 కిలోహెర్ట్‌జ్ శబ్దం 40 డిగ్రీల కోణంలో విచ్చుకుంటే, 100 మీటర్ల లోతున అది తాకే చోటు వెడల్పు 70 మీటర్లు దాటుతుంది. 200 కిలోహెర్ట్‌జ్‌లో వెడల్పు తక్కువ, వివరం ఎక్కువ, లోతుకు దిగే శక్తి తక్కువ. బోటు చేప మీదుగా పోతున్నప్పుడు దూరం ముందు తగ్గి, మళ్లీ పెరుగుతుంది కనుక అది తెర మీద విల్లులా పడుతుంది. బోటు ఆగి ఉంటే కింద నిలిచిన ఒక్క చేపే పొడుగాటి గీతవుతుంది. అది చూసి గుంపు అనుకుంటే వల ఖాళీగానే లేస్తుంది.

జీపీఎస్ తొలి ఉపగ్రహం 1978లో ఎగిరింది. అది అమెరికా సైన్యం సొత్తు. 1983లో దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేశాక, దాన్ని పౌరులకూ ఇస్తామని అమెరికా ప్రకటించింది. అయినా పౌరుల సిగ్నల్‌లో కావాలనే తేడా పెట్టేవారు. దాంతో స్థానం సుమారు 100 మీటర్లు అటూ ఇటూ పోయేది. 2000 మే నెలలో ఆ తేడా ఎత్తేశాక, నిన్న చేప దొరికిన చోటికే ఇవాళా నేరుగా వెళ్లడం కుదిరింది.

తెరలు, చిప్పులు చవకయ్యాక ఈ రెండింటినీ ఒక పెట్టెలో పెట్టడం సులువైంది. లాభం నిజమైనదే. చేపల గుర్తు కనిపించిన క్షణంలో ఒక్క మీట నొక్కితే స్థానం, లోతు కలిసి నమోదవుతాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ జాలర్లకు పంపే చేపల జాడ సూచనల్లోనూ అక్షాంశ రేఖాంశాలు, లోతు రెండూ ఉంటాయి. ఆ సూచనను పూర్తిగా వాడుకోవాలంటే రెండు యంత్రాలూ కావాల్సిందే.

నష్టాలూ ఉన్నాయి. తెరను నిలువుగా రెండు ముక్కలు చేస్తే ఫిష్ ఫైండర్ భాగం వెడల్పు సగమవుతుంది. దాటొచ్చిన అడుగు జాడ కూడా సగమే కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఇంజను స్టార్టు చేసినప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోయినా, ఉప్పుగాలికి పిన్నులు చిలుము పట్టినా, రెండు జవాబులూ ఒక్కసారే మాయమవుతాయి. చేప కనపడకపోతే పోయేది ఒక రోజు వేట. తామెక్కడున్నదీ తెలియకపోతే పోయేది అంతకన్నా ఎక్కువ. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. సరిహద్దు గీత నీటి మీద ఉండదు. అది కనిపించేది పటం మీదే.

విడివిడిగా కొన్నవాళ్లకు కలిపినదాని సుఖం దక్కదనుకోవడమూ పొరపాటే. 1983 నుంచి ఎన్‌ఎమ్‌ఈఏ 0183 అనే ప్రమాణం ఉంది. ఆ సౌకర్యమున్న పరికరాలను ఒక తీగతో కలిపితే జీపీఎస్ లెక్కగట్టిన స్థానం ఫిష్ ఫైండర్ తెర మీదికీ చేరుతుంది. ఒకటి ఆగినా రెండోది తన పని తాను చేస్తుంది.

కాబట్టి తెల్లవారుజామున వెళ్లి పొద్దున్నే తిరిగొచ్చే ఫైబర్ పడవకు కలిపిన పెట్టె చాలు. దానితోపాటు చేతిలో పట్టే చిన్న జీపీఎస్ ఒకటి, దిక్సూచి ఒకటి తడవని సంచిలో ఉండాలి. రోజుల తరబడి సముద్రంలోనే ఉండే మరబోటుకు విడివిడి యంత్రాలే మేలు. ఒక్కోదానికీ వేరే ఫ్యూజు, వేరే కరెంటు లైను పెట్టించండి. ఏది కొన్నా మీ హార్బరు ముఖద్వారం అక్షాంశ రేఖాంశాలను కాగితం మీద రాసి కేబిన్‌లో అంటించండి. దానికి బ్యాటరీ అక్కర్లేదు.