నీళ్లు ఎవరికి, మునక ఎవరికి

ఆనకట్ట కట్టేటప్పుడు ఏ ప్రభుత్వమైనా చెప్పేది ఒకటే: కొద్దిమంది నష్టపోయినా లక్షల మంది బాగుపడతారు. గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టు విషయంలో ఈ మాటకు అంకెల బలం కూడా ఉంది. 7.2 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల జలవిద్యుత్తు, కృష్ణా డెల్టాకు 80 టీఎంసీలు, విశాఖపట్నం పరిశ్రమలకు, ఇళ్లకు నీరు ఒకవైపు. 371 ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు ఇంకోవైపు. వీళ్లలో ఆదివాసీలైన కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఎక్కువమందికి ఎక్కువ మేలు ఏది చేస్తే అదే ధర్మమన్న తత్వవేత్త బెంథామ్ ఉపయోగితావాద లెక్క పట్టుకుంటే ఇక్కడ చర్చే అక్కర్లేదనిపిస్తుంది. కానీ ఆ కూడిక సమాజాన్ని ఒకే మనిషిగా చూస్తుంది. ఒక మనిషి ఈరోజు కష్టపడి రేపు సుఖపడితే ఆ కష్టానికి అర్థముంది, ఎందుకంటే రెండూ అతనివే. పోలవరం ముంపు ప్రాంతమైన వేలేరుపాడులో ఇల్లు మునిగినవాడి కష్టానికి డెల్టా రైతు పంట ఎలా బదులవుతుంది? తత్వవేత్త రాల్స్ 1971లో రాసిన న్యాయ సిద్ధాంత గ్రంథంలో ఉపయోగితావాదం మీద పెట్టిన ప్రధాన అభ్యంతరం ఇదే: మనుషులు వేరువేరన్న సంగతిని అది మరిచిపోతుంది.

అర్థశాస్త్రం దీనికి ఒక జవాబు తయారుచేసింది. 1939లో కాల్డర్, హిక్స్ అనే ఆర్థికవేత్తలు ప్రతిపాదించిన పరీక్ష ప్రకారం, లాభపడినవాళ్లు నష్టపోయినవాళ్ల లోటు పూడ్చగలిగితే, ఆపైన ఇంకా ఏదైనా మిగిలేట్టుంటే ఆ పని మంచిదే. చిక్కంతా ఆ ‘పూడ్చగలిగితే’ దగ్గరుంది. పరీక్ష నెగ్గడానికి నిజంగా పూడ్చనక్కర్లేదు, పూడ్చే స్తోమత ఉంటే చాలు. మన ప్రాజెక్టులు చాలాకాలం ఈ వెసులుబాటు మీదే లేచాయి. శ్రీశైలం జలాశయం ఊళ్లను ముంచిన తరవాత, 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ముంపు కుటుంబానికొక ఉద్యోగమన్న ఆ హామీ కోసం నిర్వాసితులు దశాబ్దాలపాటు కార్యాలయాల చుట్టూ తిరిగారు, దీక్షలు చేశారు. కాగితం మీద ఆ నష్టం పూడిపోయింది.

పరిహారం నిజంగా చెల్లించాలని చట్టం పట్టుబడితే లెక్క ఎలా మారుతుందో పోలవరమే చూపించింది. 2010-11 ధరల్లో ప్రాజెక్టు అంచనా సుమారు 16 వేల కోట్ల రూపాయలు. అందులో భూసేకరణ, పునరావాసాల వాటా మూడు వేల కోట్ల దరిదాపుల్లో ఉండేది. 2013 భూసేకరణ చట్టం తరవాత, 2017-18 ధరల్లో అంచనా 55 వేల కోట్లు దాటింది, అందులో సగానికి పైగా ఈ పద్దులోదే. ధరల పెరుగుదల, కుటుంబాల సంఖ్య లాంటి కారణాలూ ఉన్నాయి, నిజమే. అయినా పాత అంచనా అంత చౌకగా కనిపించడంలో ముంపువాసులు మోయబోయే భారానికి పెద్ద వాటా ఉంది. కొత్త అంచనాలోనూ అన్నీ చేరవు. పట్టా లేని పోడు, ఇప్పపువ్వు, తునికాకు, వారపు సంతలో పరిచయాలు ఏ పద్దులో రాస్తారు?

నష్టపోయే ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటేనే కట్టాలంటే ఏ దేశంలోనూ కాలువ తవ్వలేరు కదా, అని ఎవరైనా అడగొచ్చు. ఒప్పుకుంటాను. ఒక్కడి నిరాకరణ వేలమంది దాహాన్ని ఆపగలదన్న వాదం నాకు న్యాయంగా తోచదు. ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది: ఆలస్యం కూడా అన్యాయమే, నీటి కోసం ఎదురుచూసే ఉత్తరాంధ్ర రైతులూ పేదలే. వాళ్ల నష్టం నిజమైనదే. కాని ఆలస్యం వల్ల కలిగే లోటు లక్షల మందికి కాస్తకాస్త చొప్పున పంపకమవుతుంది, ఏడాది ఆగాక తీరే అవకాశముంది. ముంపు మాత్రం కొద్దిమంది మీద మొత్తంగా పడుతుంది, వెనక్కి రాదు. పైగా ఎగువన ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో మునక భయంతో ఉన్న ఊళ్లవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్లే కారు. వాళ్ల మాట వినకపోతే ఇక్కడి ఏ నాయకుడికీ నష్టం లేదు.

అందుకే నేను పట్టుబట్టేది కట్టాలా వద్దా అన్నదాని మీద కాదు, ఏది ముందు అన్నదాని మీద. 2013 చట్టం ఈ విషయంలో తత్వవేత్తలకంటే స్పష్టంగా మాట్లాడింది: సాగునీటి, జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తవ్వాలి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది భూమిగానే ఇవ్వాలి. ఆచరణలో మాత్రం పునరావాసం కన్నా ముందు కాఫర్ డ్యాం, అంటే ప్రధాన డ్యాం కట్టే చోటికి నీరు రాకుండా ఆపే తాత్కాలిక అడ్డుకట్ట, లేచింది. కాలనీలు పూర్తికాకముందే వరద వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటినప్పుడు వేలేరుపాడు, కుక్కునూరు, చింతూరు వైపు ఊళ్లు నీట మునిగాయి. అందులో కాఫర్ డ్యాం వాటా ఎంతన్నది ఇంజినీర్లు తేల్చాలి. తొలి దశలో నీటిని 41.15 మీటర్ల మట్టం దాకా, తరవాత 45.72 దాకా నిలుపుతామంటున్నారు. దశలు పెట్టడం తప్పు కాదు. అయితే ఏ గీత దాకా నీళ్లు నింపాలో గేట్ల ఇంజినీరు నిర్ణయించే ముందు, ఆ గీత కింద ఇంకా ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతోందో చెప్పే అధికారం గ్రామసభకు ఉండాలి. వరదకు మునిగినా సర్వే గీతకు పైనున్నాయన్న కారణంతో జాబితాకెక్కని ఊళ్లను కొలిచేటప్పుడు కూడా ఆ సభ ప్రతినిధి సర్వేయరు పక్కన నిలబడాలి.